భయానికి ఒక్క ముల్లు చాలదు

సెంటిమెంట్ అన్న మాటను మార్కెట్ వార్తల్లో చాలా తేలిగ్గా వాడేస్తుంటారు. సూచీ పెరిగిన రోజు సెంటిమెంట్ బలపడిందంటారు, పడిన రోజు దెబ్బతిందంటారు. ధర ఎటు కదిలిందో చూసి ఆ కదలికకే ఇంకో పేరు పెట్టడం తప్ప ఇందులో కొత్తగా తెలిసేదేమీ లేదు. సెంటిమెంట్‌ను కొలిచే సూచికలంటూ వేరే ఉన్నాక అవి ధర చెప్పని సంగతి ఏదో ఒకటి చెప్పాలి. లేకపోతే ధర చూసుకుంటే సరిపోతుంది కదా!

ఆ సూచికల్లో అందరికీ బాగా తెలిసింది అర్ధచంద్రాకారంలో ఉండే మీటరు. ఒక కొసన భయం, ఇంకో కొసన అత్యాశ, మధ్యలో ఊగే ముల్లు. సీఎన్ఎన్ వాళ్ల ఫియర్ అండ్ గ్రీడ్ సూచిక ఈ తరహాదే. ఏడు కొలతలు తీసుకుని, అన్నిటికీ సమానమైన విలువ ఇచ్చి, 0 నుంచి 100 లోపు ఒక్క అంకె చేతిలో పెడుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందుకే నాకు అనుమానం.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. పెద్ద కంపెనీల షేర్ల మీద మదుపరుల మనసు ఎలా ఉందో తెలుసుకోవాలంటే సూచికలన్నీ ఒకే పాట పాడే రోజుల కంటే, అవి ఒకదానితో ఒకటి గొడవపడే రోజులే ఎక్కువ పనికొస్తాయి. ఎవరు భయపడుతున్నారు, ఎవరు పడటం లేదు, ఎవరు నోటితో భయపడి చేత్తో కొంటున్నారు అన్నది ఆ గొడవలోనే బయటపడుతుంది. వాటన్నిటినీ సగటు కట్టడమంటే ఆస్పత్రి వార్డులో ఉన్న అందరి జ్వరాన్నీ కూడి, భాగించి, వచ్చిన అంకెను గోడ మీద రాసిపెట్టడమే. ఒకడు కాలిపోతున్నా, ఇంకొకడు చల్లబడిపోతున్నా గోడ మీద అంకె మాత్రం కులాసాగానే ఉంటుంది.

ఆ ఏడు కొలతలనూ విడదీసి చూడండి. అమెరికాలోని 500 పెద్ద కంపెనీల షేర్లతో కట్టిన ఎస్ అండ్ పీ 500 సూచీ తన 125 రోజుల సగటుకు ఎంత పైన ఉంది. ఏడాది గరిష్ఠాన్ని తాకిన షేర్లెన్ని, కనిష్ఠాన్ని తాకినవెన్ని. పెరిగిన షేర్లలో ఎంత లావాదేవీ జరిగింది, పడినవాటిలో ఎంత. గత 20 రోజుల్లో షేర్లు ఎక్కువ లాభమిచ్చాయా, బాండ్లా. ఈ నాలుగూ ధర గురించే మాట్లాడుతున్నాయి! ధర పెరిగితే ఇవన్నీ చచ్చినట్టు పెరుగుతాయి. మిగిలినవి మూడే: పుట్ ఆప్షన్లకూ (ముందే అనుకున్న ధరకు అమ్మే హక్కు) కాల్ ఆప్షన్లకూ (కొనే హక్కు) ఉన్న నిష్పత్తి, సూచీ ఎంత ఊగుతుందన్న అంచనా చెప్పే విక్స్, రేటింగ్ తక్కువున్న కంపెనీల బాండ్ల మీద మదుపరులు అడిగే అదనపు వడ్డీ. ధర చెప్పని విషయం చెప్పే అవకాశం ఈ మూడింటికే ఉంది. వాటి గొంతు మిగతా నాలుగింటి కింద అణగిపోతుంది.

ఒక రోజు తీసుకుందాం. 2025 జనవరి 27. తక్కువ ఖర్చుతో కృత్రిమ మేధ నమూనా తయారుచేశామని చైనాకు చెందిన డీప్‌సీక్ చెప్పిన కబురు మార్కెట్‌ను చుట్టేసిన సోమవారం. చిప్‌ల కంపెనీ ఎన్విడియా షేరు ఆ ఒక్క రోజే 17 శాతం పడింది. కంపెనీ మార్కెట్ విలువలో దాదాపు 59,000 కోట్ల డాలర్లు ఆవిరయ్యాయి. ఒక కంపెనీ ఒకే రోజులో అంత విలువ పోగొట్టుకోవడం అంతకు ముందు ఎన్నడూ లేదు. ఎస్ అండ్ పీ 500 సుమారు ఒకటిన్నర శాతం తగ్గింది. ముందు పని రోజున 15 దగ్గరున్న విక్స్ 18 దగ్గర ముగిసింది.

ఇంతవరకు విన్నవాళ్లు ఆ రోజు సెంటిమెంట్ కుప్పకూలిందనే అంటారు. కానీ అదే రోజు 30 పెద్ద కంపెనీల డౌ జోన్స్ సూచీ అర శాతానికి పైగా పెరిగింది. ఎస్ అండ్ పీ 500లోనే పడిన కంపెనీల కంటే పెరిగిన కంపెనీలు చాలా ఎక్కువ. మరి పెద్ద కంపెనీల మీద ఆ రోజు మదుపరులకు ఉన్నది భయమా, నమ్మకమా?

రెండు సూచీలు చెరో వైపు నడవడానికి కారణం వాటిని కట్టిన తీరులో ఉంది. ఎస్ అండ్ పీ 500లో కంపెనీ మార్కెట్ విలువను బట్టి వాటా ఉంటుంది కాబట్టి ఎన్విడియా లాంటి మహాకాయం తుమ్మితే సూచీకి జలుబు చేస్తుంది. డౌ పద్ధతి పాతకాలపుది. అందులో షేరు ధరే వాటా. కంపెనీ ఎంత పెద్దదన్నది దానికి పట్టదు. ఎన్విడియా 2024 నవంబరులో డౌలోనూ చేరింది గానీ, షేరు ధర నూట ముప్పై, నలభై డాలర్ల దగ్గర ఉండటంతో దాని బరువు ఆ సూచీలో కొంచెమే. (డౌ వాటాలు నిర్ణయించే ఈ పద్ధతిని నేనెప్పుడూ ఎగతాళి చేస్తుంటాను. ఆ రోజు మాత్రం దానివల్ల ఉపయోగం జరిగింది.) రెండు సూచీలనూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి అర్థమయ్యేది ఒకటే: భయం పట్టుకున్నది మార్కెట్‌నంతా కాదు, ఒక వ్యాపారంలో ఒక గుంపును. డబ్బు మార్కెట్ వదిలి పారిపోలేదు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారింది. ఒక్క ముల్లు ఉన్న మీటరు ఈ మాట చెప్పలేదు.

ఇక విక్స్. దీన్ని భయసూచిక అని పిలవడం అలవాటైపోయింది కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగాలి.

షికాగోలోని ఆప్షన్స్ ఎక్స్ఛేంజ్ సీబీఓఈ దీన్ని 1993లో మొదలుపెట్టింది. మొదట్లో ఎస్ అండ్ పీ 100 ఆప్షన్ల నుంచి లెక్కించేవారు. 2003లో పద్ధతి మార్చి ఎస్ అండ్ పీ 500 ఆప్షన్లకు వచ్చారు, ఎన్నో స్ట్రైక్ ధరల (ఆప్షన్‌లో ముందే ఒప్పుకున్న ధరల) పుట్‌లూ కాల్‌లూ లెక్కలోకి తెచ్చారు. ఎక్స్‌పైరీకి, అంటే గడువు తీరడానికి, 23 నుంచి 37 రోజులున్న ఆప్షన్ల ధరలు చూసి, రాబోయే 30 రోజుల్లో సూచీ ఎంత ఊగుతుందని ఆ ధరలు అనుకుంటున్నాయో ఏడాది లెక్కన శాతంగా చెబుతుంది. నిఫ్టీ ఆప్షన్ల మీద కట్టే ఇండియా విక్స్‌కూ మూలం ఇదే పద్ధతి.

ఆ అంకెను రోజువారీ భాషలోకి తెచ్చుకోవడం తేలిక. ఏడాదికి సుమారు 252 ట్రేడింగ్ రోజులు, దాని వర్గమూలం దాదాపు 16. విక్స్‌ను 16తో భాగిస్తే మార్కెట్ రోజుకు ఎంత కదలికను ధరల్లో పెట్టుకుందో వస్తుంది. విక్స్ 16 ఉంటే రోజుకు ఒక శాతం, 32 ఉంటే రెండు శాతం. మూడింట రెండొంతుల రోజులు ఆ హద్దులోపే ఉంటాయని అంచనా, మిగిలిన రోజులు దాటవచ్చు. ఈ ఒక్క భాగహారం చేసుకుంటే విక్స్ గురించి వినపడే సగం మాటలకు విలువ లేదని తెలిసిపోతుంది. విక్స్ 12 నుంచి 15కు పెరిగితే భయం పాతిక శాతం పెరిగిందని రాసేవాళ్లుంటారు. రోజువారీ అంచనా ముప్పాతిక శాతం నుంచి ఒక శాతానికి కాస్త తక్కువ దాకా వచ్చిందన్నమాట, అంతే.

నిజానికి విక్స్ బీమా ప్రీమియం. షేర్లున్నవాళ్లు పతనం నుంచి కాపాడుకోవడానికి పుట్ ఆప్షన్లు కొంటారు, ఆ కొనుగోళ్ల ఒత్తిడి ఆప్షన్ ధరల్లో కనిపిస్తుంది. బీమా అమ్మేవాడికి లాభం కావాలి కాబట్టి ఈ ప్రీమియం మామూలు రోజుల్లో నిజంగా జరిగే ఊగిసలాట కంటే ఎక్కువే ఉంటుంది. అంటే విక్స్ 18 ఉన్నంత మాత్రాన మార్కెట్ అంత ఊగుతుందని ఎవరో నమ్మారని కాదు. అంత ధర పెడితే తప్ప బీమా అమ్మేవాడు దొరకలేదని అర్థం.

ఇక్కడ పెద్ద కంపెనీలకు సంబంధించి ఒక మెలిక ఉంది. చాలామంది దాన్ని దాటేసి పోతారు. సూచీ ఊగిసలాట రెండింటి మీద ఆధారపడుతుంది: ఒక్కో షేరు ఎంత ఊగుతోంది, అవన్నీ కలిసి ఒకే వైపు ఊగుతున్నాయా లేదా. ఐదారు మహా కంపెనీల షేర్లు పెరుగుతుంటే మిగతావి తగ్గుతున్నాయనుకోండి, లోపల ఎంత అల్లకల్లోలమున్నా సూచీ కదలదు, విక్స్ నిద్రపోతుంది. షేర్ల మధ్య ఈ కలివిడి ఎంత ఉంటుందని ఆప్షన్ల ధరలు అనుకుంటున్నాయో చెప్పే సూచీలు సీబీఓఈ దగ్గర వేరే ఉన్నాయి. 2024 జూలైలో అవి చాలా కిందికి దిగాయి. ఆ నెల 11న ఎస్ అండ్ పీ 500 దాదాపు 0.9 శాతం పడింది. లోపల చూస్తే ఎక్కువ కంపెనీల షేర్లు పెరిగాయి, పడింది పెద్ద టెక్ కంపెనీల షేర్లు. సూచీ ప్రశాంతంగా ఉందంటే మదుపరులు ప్రశాంతంగా ఉన్నారని చెప్పలేం. ఒకరి ఆందోళనకు ఇంకొకరి ఉత్సాహం ఎదురొచ్చి లెక్క సున్నా అయిందని కూడా కావచ్చు. విక్స్ ఒక్కటే చూసేవాడికి ఈ తేడా తెలిసే దారి లేదు. విక్స్ పక్కన ఈ కలివిడి సూచికనూ పెట్టుకుంటే తెలుస్తుంది.

పైగా ఈ అంకె తనంత తానే గంతులేసిన రోజులూ ఉన్నాయి. 2018 ఫిబ్రవరి 5న ఎస్ అండ్ పీ 500 సుమారు 4 శాతం పడింది. విక్స్ ఒక్క రోజులో 17 నుంచి 37కు ఎగబాకి రెట్టింపు దాటింది. అంతకు ముందు సంవత్సరం 2017లో విక్స్ 50కి పైగా రోజులు 10 కిందే ముగిసింది. ఆ ప్రశాంతత మీద పందెం కాసే ఫండ్లు బాగా పెరిగాయి. విక్స్ పడితే లాభపడేలా కట్టిన ఆ ఫండ్లు ఆ సాయంత్రం తమ లెక్క సరిచేసుకోవడానికి విక్స్ ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) కొనక తప్పలేదు, ఆ కొనుగోళ్లే విక్స్‌ను ఇంకా పైకి తోశాయి. అక్కడ కనిపించిన భయంలో చాలా భాగం పెద్ద కంపెనీల భవిష్యత్తు గురించి కానే కాదు, విక్స్ గురించే! 2024 ఆగస్టు 5న ఇంకో రకం. మార్కెట్ తెరవకముందే విక్స్ 65 దాటింది, సాయంత్రానికి 39 కిందికి దిగింది. లావాదేవీలు పలచగా ఉండే వేళలో సూచీకి చాలా కిందనున్న స్ట్రైక్ ధరల పుట్‌లకు కొనేవాడు చెప్పే ధరకూ అమ్మేవాడు అడిగే ధరకూ మధ్య అగాధం ఏర్పడితే, ఆ రెండింటి నడిమి విలువతో లెక్కించే విక్స్ ఊరికే ఉబ్బిపోతుంది. విక్స్ ఫ్యూచర్స్ మాత్రం ఆ ఉదయం అంత ఎత్తుకు వెళ్లలేదు. నిజంగా డబ్బు పెట్టి కొనేవాళ్లు ఆ భయాన్ని పూర్తిగా నమ్మలేదన్నమాట. ఈ రెండింటి మధ్య తేడాయే ఆ ఉదయపు అసలు వార్త.

పుట్, కాల్ నిష్పత్తి గురించి ఎక్కువ చెప్పను. అది చెప్పేదాని కంటే దాచేది ఎక్కువ. ప్రతి పుట్‌కూ కొన్నవాడు ఒకడు, అమ్మినవాడు ఒకడు ఉంటారు. పుట్ అమ్మినవాడు మార్కెట్ పడదని పందెం కాసినట్టే కదా, నిష్పత్తిలో అతని ధైర్యం కూడా భయం ఖాతాలోకే పోతుంది. సూచీ పుట్‌లు ఎక్కువగా కొనేది పెద్ద ఫండ్లు. వాళ్లు షేర్లు అమ్ముకోకుండా ఉంచుకోవడానికే ఆ పుట్ కొంటారు. అందుకే సూచీ ఆప్షన్లలో ఈ నిష్పత్తి తరచూ 1 పైన, విడి కంపెనీల ఆప్షన్లలో 1 కింద ఉంటుంది. రెండూ కలిపిన అంకె చూసి వ్యాఖ్యానం చేసేవాడు ఫండ్ మేనేజర్ జాగ్రత్తనూ చిల్లర మదుపరి జూదాన్నీ ఒకే గంపలో వేస్తున్నాడు. దీనికి తోడు 2022 నుంచి ఎస్ అండ్ పీ 500 ఆప్షన్లకు వారంలో ప్రతి ట్రేడింగ్ రోజూ ఎక్స్‌పైరీ వచ్చింది. పొద్దున కొని సాయంత్రానికి తేల్చుకునే ఆ వరదలో, పదేళ్ల కిందటి సగటుతో ఇవాళ్టి నిష్పత్తిని పోల్చడం దండగ. విక్స్‌కు మాత్రం ఈ ఒక్కరోజు ఆప్షన్లతో పని లేదు, దాని కిటికీ 23 రోజుల దగ్గర మొదలవుతుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించేది సర్వేలు. మనుషులు ఒక మాట చెప్పి ఇంకో పని చేయడం వాటిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అమెరికాలో చిన్న మదుపరుల సంఘం ఏఏఐఐ 1987 నుంచి వారం వారం తన సభ్యులను ఒకే ప్రశ్న అడుగుతోంది: రాబోయే ఆరు నెలల్లో షేర్లు పెరుగుతాయా, పడతాయా, అలాగే ఉంటాయా? 2009 మార్చి 5న వచ్చిన ఫలితంలో పడతాయన్నవాళ్లు 70 శాతం దాటారు. ఆ సర్వే చరిత్రలో అదే రికార్డు. మరో నాలుగు రోజులకు, మార్చి 9న, ఎస్ అండ్ పీ 500 అడుగుకు చేరి 676 దగ్గర ముగిసింది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి సాగిన ర్యాలీ మొదలైంది. ఇంకో కొసన, పెరుగుతాయన్నవాళ్లు రికార్డు స్థాయిలో 75 శాతానికి చేరింది 2000 జనవరి మొదటి వారంలో. ఆ మార్చిలోనే టెక్ బుడగ పగిలింది. ఈ రెండు తేదీలూ చూపించి జనం ఏమంటే దానికి ఎదురు చెయ్యమనే సలహా పుట్టింది.

సలహా వినడానికి బావుంది. పాటించిన వాళ్లకు ఏమైందో చూద్దాం. 2022 ఏప్రిల్ మధ్యలో అదే సర్వేలో పెరుగుతాయన్నవాళ్లు 16 శాతానికి పడిపోయారు. 2009 అడుగులో కూడా అంత తక్కువ లేరు. ఎదురీదాలనుకున్నవాడు ఆ రోజు ఎస్ అండ్ పీ 500ను 4,400 దగ్గర కొన్నాడు. అక్టోబరు 12 నాటికి అది 3,577. దాదాపు ఐదో వంతు పోయింది. 2025 ఫిబ్రవరి 27న పడతాయన్నవాళ్లు 60 శాతం దాటారు; సూచీ అప్పటికి గరిష్ఠం నుంచి ఐదు శాతం కూడా దిగలేదు. ఏప్రిల్ 8కల్లా మరో 15 శాతం దిగింది. ఇతరులు భయపడేటప్పుడు ఆశపడమన్న ప్రసిద్ధ మదుపరి వారెన్ బఫెట్ 2008 అక్టోబరు మధ్యలో అమెరికన్ షేర్లు కొంటున్నానని పత్రికలో రాసినప్పుడు కూడా, సూచీ అక్కడి నుంచి ఇంకో పావు వంతుకు పైగా పడ్డాకే ఆగింది. అయితే రాబోయే నెలల్లో మార్కెట్ ఎటు పోతుందో తనకు తెలియదని ఆయన అందులోనే స్పష్టంగా రాశాడు. ఆయన మాటను జేబులో వేసుకున్నవాళ్లు ఈ వాక్యాన్ని మాత్రం అక్కడే వదిలేశారు.

2009కీ 2022కీ తేడా ఎక్కడుంది? ఇదే సంఘం నెలకోసారి ఇంకో సర్వే చేస్తుంది: మీ డబ్బులో షేర్ల వాటా ఎంత? 2009 మార్చిలో ఆ వాటా 40 శాతం దగ్గరికి దిగిపోయింది. మాటా డబ్బూ ఒక్కటయ్యాయి, అమ్మాల్సినవాళ్లు అమ్మేశారు. 2022లో అభిప్రాయం 2009 కంటే ఘోరంగా ఉన్నా షేర్ల వాటా దీర్ఘకాలపు సగటు కంటే పెద్దగా కిందికి దిగలేదు. నోరు ఒకటి చెప్పింది, జేబు ఇంకొకటి చెప్పింది. అలాంటప్పుడు నేను జేబు వైపే ఉంటాను. భయం గురించి మాట్లాడటానికి ఖర్చేమీ లేదు. ధరల పెరుగుదల మీదో, రాజకీయాల మీదో కోపం కూడా ఆ జవాబులోకి దూరిపోతుంది.

2022నే ఇంకాస్త తవ్వితే మరో విభేదం కనిపిస్తుంది. సూచీ జనవరి గరిష్ఠం నుంచి అక్టోబరు దాకా 25 శాతం పడింది. సర్వేల్లో భయం కట్టలు తెంచుకుంది. కానీ ఆ ఏడాది మొత్తం మీద విక్స్ ఒక్కసారి కూడా 40 తాకలేదు. తక్కువ రేటింగ్ బాండ్ల మీద అదనపు వడ్డీ 6 శాతం పాయింట్ల దగ్గరే ఆగింది. 2008 చివర అది 20 దాటింది, 2020 మార్చిలో 11 దగ్గరికి వెళ్లింది. విక్స్ 40 దాటితే కొందామని కూర్చున్నవాడు ఆ అక్టోబరు అడుగును చూస్తూ వదిలేసుకున్నాడు.

ఎందుకిలా? విక్స్ స్పందించేది పతనం లోతుకు కాదు, హఠాత్తుదనానికి. 2022లో పడటానికి కారణం అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్ల పెంపు. అది చెప్పి వచ్చిన దెబ్బ. ఫండ్లు నెలల ముందే షేర్లు తగ్గించుకున్నాయి, లేని షేర్లకు బీమా ఎందుకు? బాండ్లు కొన్నవాళ్ల ప్రశ్న వేరు: కంపెనీ అప్పు తీరుస్తుందా లేదా? తీరుస్తుందనే అనుకున్నారు. కాబట్టి 2022లో సూచికలు పరస్పరం విరుద్ధంగా ఉన్నాయని పక్కన పెట్టేయకుండా చదివితే ఇలా వస్తుంది: షేర్లకు ఎంత ఖరీదు కట్టాలన్న దానిమీద మదుపరులు మనసు మార్చుకున్నారు గానీ పెద్ద కంపెనీలు మునిగిపోతాయని ఎవరూ అనుకోలేదు. ఇంత వివరంగా ఏ ఒక్క సూచికా చెప్పలేదు. 2008 చివర ఈ రెండు భయాలూ కలిసి వచ్చాయి కాబట్టే ఆ పతనం తీరు వేరు.

అదే 2008, 2009ల్లో ఇంకో సంగతి. ఆ సంక్షోభంలో విక్స్ అన్నిటికంటే ఎత్తున, 80 పైన, ముగిసింది 2008 నవంబరు 20న. ఆ రోజు సూచీ 752. మూడున్నర నెలల తర్వాత సూచీ 676కు దిగినప్పుడు విక్స్ 50 దగ్గరే ఉంది. ధర ఇంకా కిందికి వెళ్లింది, బీమా మాత్రం చవకైంది. చిన్న మదుపరుల భయం రికార్డుకు చేరిన వారమే ఆప్షన్ల మార్కెట్లో భయం పాతబడిపోయింది. వృత్తి మదుపరులు నవంబరులో పడ్డ భయం సామాన్య మదుపరిని చేరడానికి మార్చి దాకా పట్టిందని నాకనిపిస్తుంది.

మార్కెట్ విస్తృతిని, అంటే కదలికలో ఎన్ని షేర్లు పాలుపంచుకున్నాయన్నదాన్ని, కొలిచే సూచికల సంగతికొస్తే, పెద్ద కంపెనీల విషయంలో వీటి అవసరం ఏటేటా పెరుగుతోంది. ఎస్ అండ్ పీ 500లో మొదటి పది కంపెనీల వాటా 2024కల్లా మూడో వంతు దాకా వచ్చింది. అయిదు వందల కంపెనీల సూచీ అనుకుని చూస్తున్నది చాలా వరకు పది కంపెనీల కథ. అందుకే అన్ని కంపెనీలకూ సమాన వాటా ఇచ్చే ఈక్వల్ వెయిట్ సూచీని దాని పక్కన పెట్టాలి. 2023లో డివిడెండ్లతో కలిపి మామూలు సూచీ 26 శాతం ఇస్తే సమాన వాటాల సూచీ 14 శాతం దగ్గర ఆగింది. పెరిగిన షేర్ల నుంచి పడిన షేర్లు తీసేసి రోజూ కూడుకుంటూ పోయే అడ్వాన్స్ డిక్లైన్ గీత కూడా ఇదే పని చేస్తుంది. న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో ఆ గీత 1998 ఏప్రిల్‌లోనే శిఖరం తాకి దిగడం మొదలుపెట్టింది, ఎస్ అండ్ పీ 500 మాత్రం 2000 మార్చి దాకా ఎక్కుతూనే పోయింది.

చూశారా, గీత ముందే చెప్పిందని సంబరపడేవాళ్లకు నా ప్రశ్న: దాదాపు రెండేళ్ల ముందు వచ్చిన హెచ్చరికతో మీరేం చేసేవారు? 2023 వేసవిలోనూ ర్యాలీ కొన్ని కంపెనీలకే పరిమితమైందని అందరూ గగ్గోలు పెట్టారు. ఏడాది చివరి రెండు నెలల్లో మిగతా షేర్లు కూడా వచ్చి కలిశాయి, ఏ ప్రళయమూ రాలేదు. అత్యాశను పట్టిచ్చే సూచికలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్‌గా అలన్ గ్రీన్‌స్పాన్ మదుపరుల అతి ఉత్సాహం గురించి 1996 డిసెంబరు 5న హెచ్చరించినప్పుడు ఎస్ అండ్ పీ 500 దాదాపు 745. శిఖరానికి చేరేసరికి 1,527. భయం రోజుల్లో కాలిపోతుంది, అత్యాశ ఏళ్ల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. కాబట్టి అత్యాశ వైపు చూపే అంకెలకు నేనిచ్చే విలువ చాలా తక్కువ. అది చూసి అమ్మడం మొదలుపెడితే బుల్ మార్కెట్‌లో మిగిలేది పశ్చాత్తాపమే.

విభేదాలు చదవమంటున్నావు సరే, వాటితో చేసేదేమిటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మార్కెట్ రేపు ఎటు పోతుందో ఈ విభేదం చెప్పదు. చెబుతుందన్నవాడి దగ్గర మీ డబ్బు పెట్టకండి. అది చెప్పేది ఎవరు ఏ పొజిషన్‌లో ఇరుక్కుని ఉన్నారన్నది. దాన్నిబట్టి ఊహించని కబురు వచ్చినప్పుడు కదలిక ఎంత పెద్దదిగా ఉండవచ్చో కొంత అంచనా దొరుకుతుంది. ఫండ్ మేనేజర్లు ఎంత నగదు పట్టుకు కూర్చున్నారో బ్యాంక్ ఆఫ్ అమెరికా నెలనెలా అడిగే సర్వేను కూడా నేను ఇందుకే చూస్తాను. నగదు 5 శాతం దాటితే కొనమని, 4కు దిగితే అమ్మమని చెప్పే దాని సూత్రాన్ని మాత్రం పట్టించుకోను. నగదు ఎక్కువుంటే మంచి వార్తకు పరుగు ఎక్కువుంటుంది, తక్కువుంటే చెడ్డ వార్తకు మెట్లు ఉండవు. అప్పు తెచ్చి షేర్లు కొన్న మొత్తం చూపే మార్జిన్ లెక్కలు అసలు చూడను. ధరలు పెరిగితే అవీ పెరుగుతాయి, నెల ఆలస్యంగా వస్తాయి.

2025 ఏప్రిల్‌లో ఇదంతా ఒకేసారి కళ్ల ముందు జరిగింది. ఫిబ్రవరి చివర చిన్న మదుపరుల్లో 60 శాతానికి పైగా షేర్లు పడతాయని చెప్పినప్పుడు విక్స్ 21 దగ్గర, బాండ్ల అదనపు వడ్డీ 3 శాతం పాయింట్ల లోపే ఉన్నాయి. భయం మాటల్లో ఉంది, డబ్బులోకి రాలేదు. ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దిగుమతి సుంకాలు ప్రకటించాక రెండే రోజుల్లో సూచీ పది శాతానికి పైగా పడింది. ఏప్రిల్ 8న విక్స్ 52 దగ్గర ముగిసింది. మాటలూ బీమా ధరలూ అప్పుడు ఒక్క గొంతయ్యాయి. బాండ్ల వాళ్లు మాత్రం 2008 సరసన చేర్చడానికి ఒప్పుకోలేదు, అదనపు వడ్డీ 5 శాతం పాయింట్లు కూడా అందుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం చాలా సుంకాలను 90 రోజులు ఆపుతున్నామన్న ప్రకటన వచ్చింది. అది వస్తుందని ఏ సూచికకూ తెలియదు. కానీ బీమా కొని, సూచీ పడుతుందని ఫ్యూచర్స్ అమ్ముకుని కూర్చున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో ముందు రోజు అంకెల్లో కనిపిస్తూనే ఉంది. వాళ్లంతా ఒకే తలుపు వైపు పరుగెత్తారు. ఎస్ అండ్ పీ 500 ఒక్క రోజులో 9.5 శాతం పెరిగింది, 2008 అక్టోబరు తర్వాత అంత పెద్ద రోజు లేదు. విక్స్ 52 నుంచి 34 కిందికి జారింది. భయం పోయిందని ఆ రాత్రి చాలామంది రాశారు. విక్స్ 33 అంటే రోజుకు రెండు శాతం కదలిక ఇంకా ధరల్లో ఉందనే లెక్క. తర్వాతి రోజు సూచీ మూడున్నర శాతం పడింది, విక్స్ మళ్లీ 40 పైన ముగిసింది.